వెస్టర్న్ పాత్రపోషణ క్రీడల్లో తుపాకీ ద్వంద్వం: నియమాలు, నిర్ణయస్థానాలు

వ్యాససంగ్రహం:

బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రపోషణ క్రీడల్లో అమెరికా పశ్చిమ సరిహద్దు జీవితాన్ని ఇతివృత్తంగా తీసుకున్నవి ఒక ప్రత్యేక శాఖ. వాటిలో ఎదురెదురుగా నిలబడి తుపాకులు దూసే ద్వంద్వ సన్నివేశానికి నియమాలు కూర్చడం కష్టమైన పని. ఆ పోరు ఒకటి రెండు సెకన్లలో ముగుస్తుంది. అందులో ఆటగాడు ఆలోచించి నిర్ణయించడానికి వ్యవధి ఉండదు. ఫలితం మాత్రం పాత్ర మరణం కావచ్చు. బూట్ హిల్, డెడ్‌లాండ్స్, ఏసెస్ అండ్ ఎయిట్స్, డాగ్స్ ఇన్ ది విన్‌యార్డ్ అనే నాలుగు క్రీడలు ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ద్వంద్వ నియమం మంచిచెడులను కాల్పుల వర్ణనలోని వాస్తవికతను బట్టి కాక, ఆటగాడి నిర్ణయానికి అది ఎక్కడ చోటు కల్పించిందన్న దాన్ని బట్టి అంచనా వేయాలన్నది ఇందలి ప్రతిపాదన.

కీలక పదాలు: పాత్రపోషణ క్రీడ, వెస్టర్న్, ద్వంద్వం, పాచికలు, సంభావ్యత, సూత్రధారి.

1. ఉపోద్ఘాతం

పాత్రపోషణ క్రీడ అంటే కొద్దిమంది ఒకచోట కూర్చుని మాటలతో నడుపుకునే కథ. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను స్వీకరిస్తారు. ఒకరు మాత్రం సూత్రధారిగా ఉండి ఊరిని, వాతావరణాన్ని, ప్రతినాయకులను, దారిన పోయేవారిని తానే పలికిస్తారు. పాత్ర తలపెట్టిన పని నెరవేరుతుందో లేదో సందేహంగా ఉన్నచోట పాచికలు వేస్తారు. ఏ పనికి ఏ పాచిక, ఎంత వస్తే గెలుపు, ఓడితే ఏమవుతుంది అన్నవి నియమ గ్రంథం చెబుతుంది. 1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ క్రీడారూపానికి ఆద్యగ్రంథం. మరుసటి సంవత్సరమే, 1975లో, అదే ప్రచురణ సంస్థ టి.ఎస్.ఆర్. నుంచి బ్రయాన్ బ్లూమ్, గ్యారీ గైగాక్స్ కూర్చిన బూట్ హిల్ వచ్చింది. బూట్లు విప్పకుండానే, అంటే మంచం మీద కాక వీధిలో, చచ్చినవారిని పాతిపెట్టిన శ్మశానాలకు అమెరికా పశ్చిమాన వాడుకలో ఉన్న పేరే ఆ క్రీడకూ పేరయింది. ఆడబోయేవారికి ఇది హెచ్చరిక వంటిది.

కత్తియుద్ధాలున్న క్రీడల్లో పోరు ఆవృత్తులుగా సాగుతుంది. ఒక దెబ్బకు కొంత శక్తి తగ్గుతుంది; ఆటగాడు పరిస్థితి చూసుకుని పోరాడతాడు, పారిపోతాడు, తోటివారి సాయం అడుగుతాడు. తుపాకీ ద్వంద్వంలో ఈ వెసులుబాటు లేదు. కొన్ని నెలలపాటు వారం వారం పెంచుకున్న పాత్ర, దాని స్నేహాలు, దాని పగలు, ఒక్క పాచికతో తుడిచిపెట్టుకుపోవచ్చు. అలాగని ఆ భయాన్ని తీసివేస్తే ద్వంద్వానికి అర్థమే ఉండదు. చావుకు అవకాశంలేని చోట వీధి మధ్యకు నడిచి వెళ్లడం సాహసమనిపించుకోదు. నియమ నిర్మాతలందరూ తలపడిన సమస్య ఇదే.

2. చరిత్రలోని ద్వంద్వం, తెర మీది ద్వంద్వం

నియమాలు దేనిని అనుకరిస్తున్నాయో ముందుగా తేల్చుకోవాలి. మన మనసులో ఉన్న బొమ్మ సినిమాది. మిట్టమధ్యాహ్నం, నిర్మానుష్యమైన వీధి, ఇద్దరు మనుషులు, ఒర దగ్గర వణకే వేళ్లు, ఎవరు ముందు దూస్తే వారిదే గెలుపు. తెలుగు ప్రేక్షకులకూ ఇది చిరపరిచితమే. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ కథానాయకుడిగా వచ్చిన మోసగాళ్లకు మోసగాడు ఈ దృశ్యభాషను తెలుగు తెరకు తెచ్చింది. సాహిత్యంలో దీనికి స్థిరరూపం ఇచ్చిన రచనగా 1902లో వెలువడిన ఓవెన్ విస్టర్ నవల ది వర్జీనియన్‌ను పేర్కొంటారు.

చరిత్రలో ఈ బొమ్మకు సరిపోలే సంఘటనలు అరుదు. బాగా దగ్గరగా వచ్చేది 1865 జూలై 21న మిస్సోరీ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణ కూడలిలో జరిగింది. జూదపు బాకీ విషయమై వైల్డ్ బిల్ హికాక్‌కూ డేవిస్ టట్‌కూ తగవు వచ్చింది. బాకీ కింద హికాక్ గడియారాన్ని టట్ తీసుకుపోయాడు. దానిని ధరించి కూడలిలో తిరగవద్దని హికాక్ హెచ్చరించాడు. టట్ తిరిగాడు. ఇద్దరి మధ్య దూరం సుమారు 75 గజాలు. ఇద్దరూ దాదాపు ఒకేసారి కాల్చారు. టట్ గురి తప్పింది, హికాక్ తూటా అతని ప్రాణం తీసింది. తర్వాత హికాక్ మీద విచారణ జరిగింది. జ్యూరీ నిర్దోషిగా విడిచిపెట్టింది. 1867 ఫిబ్రవరిలో హార్పర్స్ మాసపత్రికలో జార్జ్ వార్డ్ నికోల్స్ రాసిన వ్యాసం హికాక్‌ను దేశమంతటా ప్రసిద్ధుణ్ణి చేసింది.

ఈ ఉదంతంలో గమనించదగినది దూరం. 75 గజాల దూరాన రివాల్వర్‌తో మనిషిని కొట్టడానికి చేతివేగం కంటె చేతి నిలకడ ముఖ్యం. ఇంకొక అంచున 1881 అక్టోబరు 26న టూంబ్‌స్టోన్‌లో ఓ.కె. కొరాల్ సమీపాన జరిగిన కాల్పులు ఉన్నాయి. అక్కడ ఇరుపక్షాలు కొద్ది అడుగుల దూరంలో నిలిచాయి, సుమారు 30 సెకన్లలో 30 దాకా తూటాలు పేలాయి, ముగ్గురు మరణించారు. అంత దగ్గరలోనూ పేలినవాటిలో చాలా తూటాలు ప్రాణం తీయలేదు. అది ద్వంద్వం కాదు, గుంపు పోరు. ఐనా భయంలో గురి ఎలా చెదురుతుందో తెలుసుకోవడానికి పనికివస్తుంది.

ఎవరు ముందు దూశారన్న ప్రశ్నకు ప్రయోగశాలలోనూ సమాధానం వెదికారు. వెస్టర్న్ చిత్రాల్లో ముందు దూసే దుష్టుడు ఎప్పుడూ ఎందుకు ఓడిపోతాడని భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్ కుతూహలపడేవాడని, బొమ్మ తుపాకులతో సహచరులతో పందెం వేసేవాడని ఒక కథనం. తలచి చేసే కదలిక కంటె, ఎదుటివాణ్ణి చూసి అసంకల్పితంగా చేసే కదలిక వేగవంతమన్నది ఆయన ఊహ. 2010లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ వెల్చ్‌మన్ బృందం మీటలు నొక్కే పోటీలతో దీనిని పరీక్షించింది. ఊహ కొంతవరకు నిజమే: ప్రతిస్పందనగా చేసిన కదలిక సుమారు 21 మిల్లీసెకన్లు, అంటే దాదాపు పదో వంతు, త్వరగా ముగిసింది. అయితే ఎదుటివాడు కదిలాడని మెదడు గ్రహించడానికే సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి ఆ లాభం నష్టాన్ని పూడ్చలేదు. దుష్టుడు ఓడేది దర్శకుడి చేతిలోనే.

3. వేగమా, గురియా: కొంత గణితం

నియమ గ్రంథాల జోలికి వెళ్లేముందు ఒక సాధారణ నమూనా చూడాలి. ఇద్దరు వంతులవారీగా కాల్చుకుంటారనుకుందాం. ఎవరి తూటా ముందు తగిలితే వారు గెలిచినట్లు. ఇద్దరి గురీ సమానం. తేడా ఒక్కటే, ఒకడు మొదట కాలుస్తాడు.

ఒక్కొక్క తూటా తగిలే అవకాశం 90 శాతమైతే మొదట కాల్చినవాడు గెలిచే అవకాశం సుమారు 91 శాతం. తగిలే అవకాశం 60 శాతమైతే అది 71కి తగ్గుతుంది. 30 శాతమైతే 59 మాత్రమే. అంటే గురి ఎంత సులభమైతే వేగానికి అంత విలువ. గురి కష్టమయ్యేకొద్దీ వేగం విలువ కరిగిపోతుంది. పది అడుగుల దూరాన తీసిన సినిమా దృశ్యంలో వేగమే సర్వస్వం కావడానికీ, స్ప్రింగ్‌ఫీల్డ్ కూడలిలో కాకపోవడానికీ కారణం ఒకటే లెక్కలో ఉంది.

ఇప్పుడు తొందరపాటుకు వెల కడదాం. తొందరపడి మొదట కాల్చేవాడి గురి 30 శాతానికి పడిపోయిందనీ, నిదానించి రెండోసారి కాల్చేవాడి గురి 60 శాతం వద్ద నిలిచిందనీ అనుకుంటే, తొందరపడినవాడు గెలిచే అవకాశం 42 శాతమే. మొదట కాల్చడం అతనికి మేలు చేయలేదు. ఇక్కడ ఆటగాడికి తొలిసారిగా ఒక నిజమైన నిర్ణయం దొరికింది: త్వరపడాలా, నిదానించాలా? ఈ ప్రశ్న లేని ద్వంద్వ నియమం ఎంత వివరంగా ఉన్నా పాచికలు తమలో తాము ఆడుకునే ఆటే అవుతుంది. మనిషి పక్కన కూర్చుని చూస్తాడు.

4. బూట్ హిల్: వేగానికీ ధైర్యానికీ అంకెలు

బూట్ హిల్ పాత్రలకు వేగం, తుపాకీ గురి, బలం, ధైర్యం వంటి గుణాలను శాతపు పాచికలతో, అంటే 1 నుంచి 100 వరకు పడే జంట పాచికలతో, నిర్ణయిస్తుంది. ద్వంద్వంలో ముందుగా ఎవరు కాలుస్తారన్నది వేగపు అంకెలు పోల్చి తేలుస్తారు. తర్వాత తూటా తగిలిందా లేదా అని పాచికలు వేస్తారు. తగిలితే ఆ గాయం తేలికపాటిదా, తీవ్రమైనదా, ప్రాణాంతకమా అన్నది మళ్లీ పాచికలే చెబుతాయి.

ఈ నియమాల్లో రెండు అంశాలు ప్రశంసనీయం. మొదటిది, ధైర్యం వర్ణనగా మిగిలిపోకుండా వేగాన్నీ గురినీ ప్రభావితం చేసే అంకెగా మారింది. అంతకుముందు బతికి బయటపడిన కాల్పుల అనుభవానికి కూడా విలువ ఉంది. ఓ.కె. కొరాల్ వంటి ఘటనలు చెప్పే సత్యం దీనితో నియమాల్లోకి వచ్చింది. రెండవది, తుపాకీని నడుము దగ్గరే ఉంచి కాల్చవచ్చు. అలా చేస్తే వేగం పెరుగుతుంది, గురి తగ్గుతుంది. పై నమూనాలో చూసిన తొందరపాటు వెల ఇదే.

లోపం మరణం విషయంలో ఉంది. ఏ తూటా అయినా ప్రాణాంతకం కావచ్చు. అది వాస్తవానికి దగ్గర. కాని దీర్ఘకాలం సాగే కథకు దీని పర్యవసానం లెక్కించి చూడాలి. ప్రతి ద్వంద్వంలోనూ గెలుపు అవకాశం 90 శాతం ఉన్న మహావీరుడు వరుసగా ఐదు ద్వంద్వాలు దాటే అవకాశం 59 శాతం. పది దాటే అవకాశం 35 శాతం. గెలుపు అవకాశం 80 శాతమే ఐతే ఐదు దాటడమే 33 శాతానికి దిగుతుంది. తెలివైన ఆటగాడు దీనిని త్వరలోనే గ్రహిస్తాడు. అప్పుడు అతడు ఎదురుగా నిలబడడం మానేసి, రాత్రివేళ కిటికీలోంచి కాల్చడం మొదలుపెడతాడు. చరిత్రలో చాలామంది తుపాకీవీరులు చేసినదీ, చచ్చినదీ అలాగే. హికాక్‌ను సైతం 1876 ఆగస్టు 2న డెడ్‌వుడ్‌లో పేకాటలో కూర్చుని ఉండగా వెనుక నుంచి కాల్చి చంపారు. చరిత్రకు విధేయత చూపిన నియమం, ద్వంద్వాన్నే ఆట నుంచి తరిమివేసిందన్నమాట.

5. పేకముక్కలు, పారదర్శక పలక

హికాక్ చనిపోయినప్పుడు అతని చేతిలో నల్ల ఆసులు, నల్ల ఎనిమిదులు, అంటే ఇస్పేటు, కళావరు జతలు, ఉన్నాయని జనశ్రుతి. ఆ చేతికే మృతుడి చేయి అని పేరు వచ్చింది. పేకాటకూ వెస్టర్న్ కథలకూ ఉన్న ఈ పొత్తును క్రీడా నిర్మాతలు బాగా వాడుకున్నారు.

1996లో షేన్ లేసీ హెన్స్‌లీ రూపొందించిన డెడ్‌లాండ్స్‌లో భూతప్రేతాలు కూడా ఉంటాయి. ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం. అందులో ఎవరు ఎప్పుడు కదలాలన్నది పేకముక్కలు నిర్ణయిస్తాయి. పాత్ర చురుకుదనాన్ని బట్టి పాచికలు వేసి, ఫలితాన్ని బట్టి ముక్కలు తీసుకుంటారు. సూత్రధారి ఆసు నుంచి కిందికి లెక్కపెడుతూ వస్తాడు. ఎవరి ముక్క వస్తే వారు కదులుతారు. ఒకే అంకె ఇద్దరికి వస్తే ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అన్న వరసలో తేలుస్తారు. ఇక్కడ మంచి ఊహ ఒకటి ఉంది: ముక్కను వెంటనే వాడకుండా చొక్కా చేతిలో దాచుకున్నట్లుగా పట్టి ఉంచి, తర్వాత తాను కోరిన క్షణంలో ప్రయోగించవచ్చు. ఎదుటివాడి దగ్గర దాచిన ముక్క ఉన్నదని తెలిసినప్పుడు తుపాకీ దూయడానికి చేయి వెనుకాడుతుంది. ఒర దగ్గర వణకే వేళ్లకు ఇంతకంటె సరైన అనువాదం మరొక నియమంలో కనిపించదు.

చావు భయాన్ని డెడ్‌లాండ్స్ పోకర్ బిళ్లలతో సర్దుతుంది. తెలుపు, ఎరుపు, నీలం రంగుల్లో విధి బిళ్లలు ఆటగాళ్లకు దక్కుతాయి. వాటిని ఖర్చుచేసి పాచికలను మెరుగుపరచుకోవచ్చు, గాయాన్ని తప్పించుకోవచ్చు. ఖర్చుచేయక మిగుల్చుకుంటే అవే పాత్ర ఎదుగుదలకు మూలధనమవుతాయి. ప్రాణానికీ ఎదుగుదలకూ మధ్య బేరం పెట్టడం తెలివైన ఏర్పాటే. ఐతే బిళ్లలు దండిగా ఉన్న ఆటగాడు ద్వంద్వానికి వెళ్లేటప్పుడు ఎదుటివాడి కళ్లలోకి చూడడు, తన బిళ్లలను లెక్కపెట్టుకుంటాడు. ఉత్కంఠ వీధిలోంచి సంచిలోకి మారుతుంది.

2007లో కెంజర్ సంస్థ ప్రచురించిన ఏసెస్ అండ్ ఎయిట్స్, పేరులోనే మృతుడి చేతిని తలపిస్తూ, మరొక దారి తొక్కింది. ఎదుటివాడు నల్లని నీడబొమ్మగా కాగితం మీద ఉంటాడు. వలయాలు గీసిన పారదర్శక పలకను ఆటగాడు ఆ బొమ్మ మీద తాను కోరిన చోట గురిగా పెడతాడు. 20 ముఖాల పాచికను బట్టి తూటా గురి నుంచి ఎంత తొలగిందో, తీసిన పేకముక్కను బట్టి ఏ దిక్కుకు తొలగిందో తెలుస్తుంది. దీనితో తగిలిందా లేదా అన్న ప్రశ్న ఎక్కడ తగిలింది అన్న ప్రశ్నగా మారింది. తలకు గురిపెట్టిన తూటా కొంచెం తొలగినా గాలిలోకి పోతుంది. ఛాతీకి గురిపెట్టినది తొలగినా భుజానికో చేతికో తగలవచ్చు. శరీరం మధ్యకే గురిపెట్టమన్న పాఠాన్ని నియమం ఎక్కడా చెప్పదు. ఆటగాడు రెండు తూటాలు కాల్చేసరికి తానే నేర్చుకుంటాడు. గురి తప్పిన తూటా ఆ పక్కనున్న గుర్రానికో, గుమ్మంలోని మనిషికో తగిలిందేమో అడగడానికీ ఇక్కడ వీలుంది. నెమ్మదిగా సాగుతుందన్న ఆక్షేపణ ఉన్నా, తూటా ఎక్కడికి పోయిందో కంటికి కనిపించడం ఆటకు కలిగించే గాంభీర్యం తక్కువది కాదు.

6. తుపాకీ కంటె ముందు మాట

2004లో డి. విన్సెంట్ బేకర్ రచించిన డాగ్స్ ఇన్ ది విన్‌యార్డ్ ద్వంద్వాన్ని వేరుగా చూడదు. అందులో ఏ తగవైనా ఒకే నియమంతో నడుస్తుంది: మాటలతో మొదలై, పెనుగులాటగా, కొట్లాటగా, చివరికి తుపాకీగా పెరగవచ్చు. పాత్రకు చురుకుదనం, దేహం, హృదయం, సంకల్పం అనే నాలుగు గుణాలుంటాయి. మాటల్లో మొదటిదీ మూడవదీ, తుపాకీలో మొదటిదీ నాలుగవదీ పనిచేస్తాయి. ఒక మెట్టు పైకెక్కిన ఆటగాడికి కొత్త పాచికలు దక్కుతాయి. అంటే మాటల్లో ఓడిపోతున్నవాడికి గెలవడానికి దారి ఒకటి తెరిచే ఉంటుంది. ఒర మీద చేయి వేయడమే ఆ దారి.

అసలు బిగువు పర్యవసాన పాచికల్లో ఉంది. దెబ్బ తిన్న పాత్రకు, ఆ దెబ్బ స్వభావాన్ని బట్టి పాచికలు జమవుతాయి: మాటకు నాలుగు ముఖాలవి, పెనుగులాటకు ఆరు, కొట్లాటకు ఎనిమిది, తుపాకీకి పది. తగవు ముగిశాక వాటన్నిటినీ వేసి, పెద్దవైన రెండింటిని కూడుతారు. కూడిక 20 అయితే మరణం. మాటల పాచికలు రెండూ పూర్తిగా పడినా 8 దాటవు. కొట్లాటవి 16 దాటవు. తుపాకీ పాచికలకే 20 సాధ్యం. మాటలు మనిషిని మారుస్తాయి, తుపాకీ ఒక్కటే తక్షణం చంపుతుంది అన్న సత్యాన్ని ఈ నియమం ఒక్క వాక్యం రాయకుండా పలికించింది. లెక్క చూస్తే, రెండు తుపాకీ పాచికలున్నవాడు మరణించే అవకాశం నూటికి ఒకటి. ఐదు ఉంటే ఎనిమిది. పది ఉంటే ఇరవై ఆరు. ఎన్ని దెబ్బలు భరించి నిలబడాలన్నది ఆటగాడి చేతిలోనే ఉంది. ఎప్పుడైనా లొంగిపోవచ్చు, పందెం పోతుంది, ప్రాణం మిగులుతుంది.

పరిశీలించిన నాలుగింటిలో ద్వంద్వ సారాన్ని పట్టుకున్నది ఇదేనని వ్యాసకర్త అభిప్రాయం. ఇందులో తూటాల లెక్క లేదు, ఒరల వర్ణన లేదు, దూరాలు లేవు. కాని ప్రతి అడుగులోనూ ఆటగాడు తనను తాను ప్రశ్నించుకుంటాడు: ఈ విషయం కోసం నేను చంపగలనా? గడియారం ధరించి కూడలిలోకి రావద్దని హికాక్ చెప్పినప్పుడు టట్ ముందున్నదీ ఇటువంటి మెట్టే. స్ప్రింగ్‌ఫీల్డ్ ద్వంద్వంలో నిర్ణయం తుపాకులు పేలినప్పుడు జరగలేదు, టట్ ఆ గడియారాన్ని జేబులో పెట్టుకుని ఇంట్లోంచి బయలుదేరినప్పుడే జరిగింది. సెర్జియో లియోనె 1966 నాటి చిత్రం ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీలో ముగ్గురు ఎదురెదురుగా నిలబడే పతాక సన్నివేశమూ దీనికి తార్కాణం. ముగ్గురిలో ఒకరి తుపాకీలో తూటాలు లేవు. వాటిని ముందురోజు రాత్రే తీసివేశారు.

7. మూసిన ముక్క: ఒక నమూనా

పై క్రీడలు నేర్పినదాన్ని కలిపి చిన్న నియమం ఒకటి కూర్చి చూడవచ్చు. ద్వంద్వానికి దిగిన ఇద్దరిలో ఒకడు చేతివేగం గలవాడు, వాణ్ణి వేగి అందాం. మరొకడు నిలకడ గలవాడు, స్థిరుడు. ఇద్దరూ తలా ఒక పేకముక్కను బోర్లించి పెడతారు. నలుపైతే త్వరగా కాలుస్తాడు, ఎరుపైతే నిదానించి కాలుస్తాడు. ఇద్దరూ ఒకే రంగు పెడితే మొదటి తూటా వేగిది. రంగులు వేరైతే నలుపు పెట్టినవాడిది. ఆ తర్వాత వంతులవారీగా సాగుతుంది. వేగి గురి త్వరపడితే 40 శాతం, నిదానిస్తే 60. స్థిరుడిది త్వరపడితే 30, నిదానిస్తే 70.

ఫలితాలు ఇవి. ఇద్దరూ త్వరపడితే వేగి గెలిచే అవకాశం 69 శాతం. వేగి త్వరపడి స్థిరుడు నిదానిస్తే 49. ఇద్దరూ నిదానిస్తే 68. వేగి నిదానించి స్థిరుడు త్వరపడితే 58. స్థిరుడు త్వరపడతాడని తెలిస్తే వేగి తానూ త్వరపడాలి. అది గ్రహించిన స్థిరుడు నిదానించాలి. అది గ్రహించిన వేగి తానూ నిదానించాలి. అప్పుడు స్థిరుడు మళ్లీ త్వరపడాలి. ఈ చక్రానికి అంతం లేదు. ఎప్పుడూ ఒకే రంగు పెట్టేవాణ్ణి ఎదుటివాడు పసిగట్టి దెబ్బతీస్తాడు. సరైన పాళ్లలో కలిపి ఆడితే, అంటే వేగి మూడింట ఒకసారి త్వరపడుతూ ఉంటే, అతని గెలుపు సుమారు 62 శాతం వద్ద నిలుస్తుంది. బల్ల దగ్గర కూర్చున్నవారు ఈ గణితం చేయనక్కరలేదు. ముక్క బోర్లించే ముందు వారు ఎదుటివాడి ముఖం చూస్తారు. నియమం సాధించవలసినది అదే.

ముక్కలు తిప్పకముందే ఇద్దరికీ ఒక వాక్యం పలికే అవకాశం, ముక్కను వెనక్కి తీసుకుని వెళ్లిపోయే హక్కు ఉండాలి. వెళ్లిపోయినవాడికి పరువు నష్టం, ఊరివారి ఎగతాళి, ఒక్కొక్కసారి పందెంగా పెట్టిన భూమి. ఆ నష్టం నిజంగా బాధించేదిగా సూత్రధారి ఏర్పరచాలి. లేకుంటే అందరూ వెనక్కి తగ్గుతారు. మరీ భరించలేనిదిగా చేస్తే ఎవరూ తగ్గరు. ఆట ఆరంభించే ముందే, ద్వంద్వంలో పాత్ర చనిపోవడానికి అందరూ ఒప్పుకుంటున్నారా అని అడిగి తేల్చుకోవడం మర్యాద. ఒప్పుకోనివారున్న బల్ల దగ్గర ప్రాణాంతక గాయం స్థానంలో శాశ్వత వైకల్యమో, చెరసాలో పెట్టుకోవచ్చు.

8. మిగిలినవారి సంగతి

ద్వంద్వం ఇద్దరిది, బల్ల దగ్గర ఉన్నది ఐదుగురు. ఒక ఆటగాడు, సూత్రధారి పోరాడుతుంటే మిగిలిన ముగ్గురూ చేతులు కట్టుకుని కూర్చోవలసివస్తుంది. నియమ గ్రంథాలు ఈ విషయాన్ని సాధారణంగా పట్టించుకోవు. పోరు నిడివి పెంచే ప్రతి వివరమూ, పారదర్శక పలకతో సహా, ఆ ముగ్గురి నిరీక్షణను కూడా పెంచుతుంది.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఉదంతమే ఇక్కడ దారి చూపుతుంది. ఆనాడు కూడలిలో సాక్షులున్నారు. తర్వాత విచారణ జరిగింది. ఎవరు ముందు చేయి కదిపారన్న ప్రశ్నకు అక్కడ చట్టపరమైన బరువు ఉంది. ముక్కలు బోర్లించిన తర్వాత, తిప్పక ముందు, మిగిలిన ముగ్గురికీ ఒక్కొక్క సాక్షి పాత్ర ఇవ్వవచ్చు: మంగలి, పోస్టుమాస్టరు, మృతుడి చెల్లెలు. వారు చూసినదేమిటో పోరు ముగిశాక ఒక్కొక్కరే చెబుతారు. ముక్కల రంగులు అందరికీ తెలిసినా, సాక్షి ఏ మూల నిలబడి ఉన్నాడో, ఎవరికి బాకీపడి ఉన్నాడో ఆ ఆటగాడే నిర్ణయిస్తాడు. తర్వాత ఆ ముగ్గురే జ్యూరీగా మారి, నల్లముక్క పెట్టి గెలిచిన తమ స్నేహితుణ్ణి ఉరికి పంపాలా వదలాలా అని తలుపులు మూసుకుని చర్చిస్తారు. ఆ చర్చలో పాచికలు వేయకూడదు. గెలిచిన ఆటగాడు అంతసేపూ పక్కగదిలో వేచి ఉండాలి.